పెరటి చెట్టే పీపా!

కుళాయి తిప్పితే గ్లాసులోకి బీరు దిగే యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోవడం అమెరికాలో ఓ సరదా. మన పాతపట్నం పక్క కొండల్లో అలాంటి ఏర్పాటు తరాలుగా ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు, సిలిండరు అక్కర్లేదు. కావాల్సిందల్లా ఓ జీలుగు చెట్టు, ఓ కుండ, బోలెడంత ఓపిక!

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో కొందరి ఇళ్లకు వెళ్తే కారు షెడ్డులో ఓ మూల చిన్న ఫ్రిజ్జు లాంటిది కనిపిస్తుంది. దాని నెత్తిమీద ఓ కుళాయి. తిప్పితే వచ్చేది మంచినీళ్లు కాదు... నురగలు కక్కే చల్లటి బీరు! దాన్ని కెజరేటర్ అంటారు. లోపల స్టీలు పీపా, దానికో గ్యాసు సిలిండరు, మధ్యలో సన్నటి గొట్టం. సీసాలో కాకుండా ఇలా పీపాలోంచి నేరుగా పట్టుకునేదే డ్రాట్ బీరు. వారాంతంలో స్నేహితులొస్తే చాలు, దాన్నెలా బిగించిందీ, ఎన్ని రోజులకోసారి గొట్టం కడిగేదీ ఇంటాయన గంటసేపు పూసగుచ్చినట్టు చెబుతాడు.

సరే, ఆ షెడ్డులోంచి ఇప్పుడు మనూరికి వచ్చేద్దాం. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. నీలమణి దుర్గమ్మ కొలువైన ఊరు. పక్కనే మహేంద్రతనయ. కాస్త దూరం వెళ్తే ఒడిశా వారి పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఊరికి రెండు వైపులా కనిపించే కొండలకు మాత్రం ఈ సరిహద్దు గొడవ పట్టలేదు. మెళియాపుట్టి, సీతంపేట, ఇంకా పైకెళ్తే మహేంద్రగిరి... అన్నిచోట్లా సవరలే. అన్నిచోట్లా వారి గూడేల పక్కన తోరణం కట్టినట్టు వేలాడే పొడవాటి గెలలతో ఒకే చెట్టు. తెలుగువాళ్లు దాన్ని జీలుగు అంటారు, ఒడియా వాళ్లు సలప అంటారు.

సవరల ఇంటి డ్రాట్ బీరు అదే!

బిగించడానికి పదేళ్లు

కెజరేటర్ తెచ్చుకున్నవాళ్లు ఒక్క పూటలో బిగించేసుకోవచ్చు. ఇంట్లో వాడే పీపాలో సాధారణంగా 19 లీటర్లు పడుతుంది. నిజానికి ఈ పీపాలు మొదట్లో కూల్‌డ్రింకుల కోసం తయారైనవి. సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ బీరును పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 10 నుంచి 14 పౌండ్లు ఉండాలి, చల్లదనం 3 డిగ్రీల దగ్గర నిలవాలి. ఎండకు గొట్టం వేడెక్కినా, గ్యాసు ఎక్కువైనా గ్లాసు నిండా నురగే. గ్యాసు తగ్గితే చప్పిడి నీళ్లు.

మరి జీలుగు యంత్రం? దాన్ని బిగించడానికి కనీసం పదేళ్లు పడుతుంది. పదిహేనేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. విత్తు మొలకెత్తడానికే నెలలు కావాలి. ఆ తర్వాత చేపతోకలాంటి ఆకులు విప్పుకుంటూ, ఎవరినీ పట్టించుకోకుండా నింపాదిగా పెరుగుతుంది. తాటి, కొబ్బరి, ఈత... అన్నీ దీని చుట్టాలే. కానీ ఈకల్లా కాకుండా చేపతోకల్లా చీలిన ఆకుల వల్ల దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. చెట్టు పూర్తిగా ఎదిగిందంటే నాలుగంతస్తుల మేడంత ఎత్తుంటుంది.

ఒంట్లో ఇన్నేళ్లుగా దాచుకున్న పిండిపదార్థమంతా పూత సమయానికి చక్కెరగా కరిగి గెలల్లోకి వస్తుంది. అదీ దీని రహస్యం. పీపాలో బీరు బయటినుంచి నింపాలి. ఈ పీపా తనను తానే నింపుకుంటుంది.

గెల కనిపించాక గీతగాడి పని మొదలవుతుంది. కొండల్లో నిచ్చెన అంటే మనం అనుకునే నిచ్చెన కాదు. ఒకే ఒక్క వెదురు బొంగు. కణుపుల దగ్గర కొమ్మలను జానెడు మేర వదిలేసి మిగతాది నరికేస్తారు. ఆ మోళ్లే మెట్లు! దాన్ని చెట్టుకు కట్టి పైకెక్కుతారు. గెల కొసను పదునైన కత్తితో పల్చగా చెక్కి, దాని కింద కుండ కడతారు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి కోత కొత్తగా పెట్టాలి. లేకపోతే గాయం మానినట్టు మూసుకుపోయి చుక్క ఆగిపోతుంది. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఇదే దినచర్య. ఒక రోజు మానేస్తే మర్నాడు చెట్టు అలుగుతుంది.

కింద పల్లపు ఊళ్లలో ఇదే పని తాటిచెట్ల మీద సాగుతుంది. మోకు, ముత్తాదు, కత్తి, లొట్టి... ఇవే అక్కడి సరంజామా. ఉత్తరాంధ్రలో యాత, సెగిడి కులాలవారికి తరాలుగా ఇదే జీవనాధారం. చెట్టు మారినా సూత్రం ఒక్కటే.

గ్యాసు ఎక్కడిది?

గెల నుంచి దిగిన నీరు మొదట అచ్చం తియ్యటి పానకమే. నూటికి 10 నుంచి 15 పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. అది కుండలో పడీపడగానే గాలిలోంచీ, కుండ గోడల నుంచీ వచ్చిన ఈస్టు పనిలోకి దిగుతుంది. చక్కెరను తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. ఆ నురగ ఇదే. అమెరికా వాళ్లు సిలిండరులో పట్టి కొనుక్కునే గ్యాసూ ఇదే! తెల్లారేసరికి కుండ దించితే తీపి, ఘాటు సమపాళ్లలో ఉంటాయి. మధ్యాహ్నానికి తీపి తగ్గి మత్తు పెరుగుతుంది. అప్పటికి ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది, అంటే దాదాపు బీరంత. సాయంత్రానికి పులుపు. మర్నాటికి మరో రకం సూక్ష్మజీవులు చేరి ఆల్కహాలును వెనిగర్‌గా మార్చేస్తాయి. కొన్ని గూడేల్లో కుండలో వగరు బెరడు ముక్కలు వేయడమూ ఉంది.

అందుకే దీన్ని దాచలేరు, దూరం పంపలేరు. సీసాలో పోసి మూత బిగించి, పాతపట్నంలో బస్సెక్కారనుకోండి... టెక్కలి చేరేలోపే మూత ఎగిరి, ముందు సీటు వాళ్లతో మీకు తగవు ఖాయం. ఈస్టు లోపల గ్యాసు తయారుచేస్తూనే ఉంటుంది మరి. చెట్టు కిందే తాగాలి, ఆ పూటే తాగాలి. అడ్డాకు దొప్పలోనో, ఆనపకాయ బుర్రలోనో పోసి చేతికందిస్తారు. అందుకే ఇది ఒక్కరు తాగేది కాదు, పదిమంది కూర్చుని పంచుకునేదైంది. చెట్టు ఒకరిదైనా కుండ అందరిదీ.

ఈ కొండల సవరల గురించి లోకానికి తెలిపినవారిలో మన గిడుగు రామమూర్తి పంతులు ముందుంటారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టిన మహానుభావుడు. ఆ తర్వాత వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద ఓ పెద్ద గ్రంథమే రాశాడు. పితృదేవతలకు కల్లు ధారపోయనిదే వారికి పూజ లేదని అందులో కనిపిస్తుంది. చనిపోయినవారికీ ఓ దొప్ప పక్కన పెట్టే జనం, బతికున్న పొరుగువాడికి పెట్టకుండా ఉంటారా!

కడగడమే అసలు విద్య

డ్రాట్ బీరు తెలిసినవాళ్లను అడగండి... రుచి పీపాలో లేదు, గొట్టం కడగడంలో ఉందంటారు. రెండు వారాలకోసారి క్షారం కలిపిన నీళ్లతో గొట్టాన్ని తోమకపోతే లోపల జిగురు పొరకట్టి, పుల్లటి వాసన మొదలవుతుంది. ఇది కాక 'బీరు రాయి' అని ఇంకోటుంది. గొట్టం గోడలకు గారలా అంటుకునే గట్టి పొర. అది కాల్షియం ఆక్సలేట్. మామూలు క్షారానికి లొంగదు, మూడు నెలలకోసారి ఆమ్లం పెట్టి కరిగించాల్సిందే.

విచిత్రం ఏమిటంటే, జీలుగు పండులోనూ ఉన్నది ఆ కాల్షియం ఆక్సలేటే! సూదుల్లాంటి స్ఫటికాల రూపంలో ఉంటుంది. పండును ఉత్తచేత్తో నలిపితే చేతులు మంటెత్తిపోతాయి. శాస్త్రవేత్తలు ఈ చెట్టుకు పెట్టిన పేరు 'కర్యోటా యూరెన్స్'. లాటిన్‌లో 'యూరెన్స్' అంటే మండించేది అని అర్థం. గెల నుంచి కారే నీటితో మాత్రం ఆ బాధ లేదు.

కల్లు కుండకు కూడా కడగడమే ప్రాణం. నిన్నటి పులుపు కుండ అడుగున రవ్వంత మిగిలినా ఇవాళ్టి కల్లు పొద్దున్నే పులిసిపోతుంది. కుండను కడిగి, ఎండబెట్టి, పొగ పట్టించి మళ్లీ కట్టడం పాతకాలం పద్ధతి. అసలు పులియనే కూడదనుకుంటే లోపల సున్నం పూస్తారు. అప్పుడు దిగేది కల్లు కాదు, పిల్లలూ తాగగలిగే నీరా.

ఇప్పుడు దీనికి మరో జాగ్రత్త జతపడింది. కుండ మూతి తెరిచి ఉంటే రాత్రుళ్లు గబ్బిలాలు వచ్చి వాలతాయి. బంగ్లాదేశ్‌లో ఈత నీరా పచ్చిగా తాగినవారికి గబ్బిలాల నుంచి నిపా వైరస్ సోకడం చాలాసార్లు బయటపడింది. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు కూడా వేళ్లన్నీ గబ్బిలాల వైపే చూపించాయి. బంగ్లాదేశ్‌లో వెదురు తడికను లంగాలా కట్టి కుండ మూతిని కప్పడం నేర్పారు. వెదురుకు కొదవలేని మన కొండల్లో అది పెద్ద పనేం కాదు.

ఇక కల్తీ సంగతి. చెట్టు కింద పట్టిన కల్లుకూ, పట్నంలో దుకాణంలో దొరికే 'కల్లు'కూ పేరొక్కటే పోలిక అయిపోయిన సందర్భాలున్నాయి. 2015లో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు జరిగి అమ్మకాలు ఆగేసరికి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అన్నాళ్లూ వాళ్లు తాగింది కల్లు కాదు, క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన నీళ్లు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలే తీసింది. చెట్లు లేనిచోట ఏడాది పొడవునా కల్లు దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. చెట్టుకు సెలవులుంటాయి, రసాయనాలకుండవు.

ఒక్కసారే పూస్తుంది

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ పీపాకు ఓ పెద్ద చిక్కుంది.

తాటిచెట్టు వందేళ్లు బతుకుతుంది, ఏటా పూస్తుంది. జీలుగు అలా కాదు. జన్మలో ఒకేసారి పూతకొస్తుంది. మొదటి గెల తల దగ్గర వేస్తుంది. ఆ తర్వాతది దాని కింద కణుపులో. అలా కొన్నేళ్లపాటు పైనుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. అట్టడుగు గెలతో దాని పనైపోతుంది. దాచుకున్నదంతా ఇచ్చేసి నిలువునా ఎండిపోతుంది. అరటిచెట్టులా పక్కన పిలకలు కూడా వేయదు.

మరి వంశం నిలిచేదెలా? గింజతోనే. గింజ రావాలంటే గెల పండాలి. గెల పండాలంటే గీయకూడదు. కల్లు కోసం ప్రతి గెలనూ చెక్కేస్తే ఆ చెట్టుకు ఒక్క పండూ కాయదు. వారసులు లేకుండానే పోతుంది!

పూర్వం ఈ లెక్క సరిపోయేది. కొండమీద మనుషులు తక్కువ, చెట్లు ఎక్కువ. గీయని చెట్లు ఎక్కడో ఓ చోట ఉండేవి. రాత్రిపూట మానుపిల్లి వచ్చి వాటి పండ్లు తిని, గింజల్ని ఎక్కడెక్కడో వదిలేది. మన నోటిని మండించే పండు దానికి పరమాన్నం. ఆ మానుపిల్లికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు 'టాడీ క్యాట్', అంటే కల్లుపిల్లి. కుండల్లోని కల్లు కూడా తాగిపోతుందని ఆ పేరు వచ్చింది. తాగిన కల్లుకు గింజలు నాటి బాకీ తీర్చేదన్నమాట.

ఇప్పుడు ఆ బాకీ తీరే దారి ఇరుకైంది. పోడు కింద కొంత, జీడిమామిడి తోటల కింద కొంత అడవి పోయింది. కల్లుకు కింద ఊళ్ల నుంచి గిరాకీ పెరిగితే, గీయకుండా వదిలే గెల ఎవరికీ కనిపించదు. ఇవాళ చెక్కుతున్న చెట్టు పదీపదిహేనేళ్ల కిందట మొలిచింది. అంటే, ఈ ఏడాది ఎవరూ గింజ నాటకపోతే ఆ లోటు ఇప్పుడు తెలియదు. 2040 దాటాక, ఇవాళ బడికెళ్తున్న సవర పిల్లలు నిచ్చెన భుజానేసుకుని బయల్దేరినప్పుడు తెలుస్తుంది.

పోయేది కల్లు ఒక్కటే కాదు. గెలలు అయిపోయిన చెట్టును కొట్టి మధ్యలోని గుజ్జు ఎండబెట్టి దంచితే పిండి వస్తుంది. గోదావరి మన్యంలో కొండరెడ్లు ఆ జీలుగు పిండితో అంబలి కాచుకుంటారు. గింజలు లేని కరవు రోజుల్లో కొండజనం ప్రాణం నిలిపిన తిండి అది. ఆకుల మొదళ్ల నుంచి వచ్చే నార చీపుర్లకూ, తాళ్లకూ పనికొస్తుంది.

కల్లు నుంచి బెల్లం దాకా

శ్రీలంకలో ఇదే చెట్టును కితుల్ అంటారు. అక్కడ దాని నీరాను కాచి తేనెలాంటి పాకం, నల్లటి బెల్లం చేస్తారు. గడ్డపెరుగు మీద కితుల్ పాకం పోసుకు తినడం వాళ్లకు పండగ. సీసాల్లో పోసి విదేశాలకూ పంపుతారు. ఒక పూటలో పులిసిపోయే సరుకును ఏడాది నిల్వ ఉండేలా మార్చుకున్నారన్నమాట.

మన దగ్గరా ఆ ప్రయత్నం ఉంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రం తాటితోపాటు జీలుగు మీద కూడా పరిశోధనలు చేస్తోంది. పులియకుండా నీరా తీయడం, బెల్లం వండటం వంటివి గిరిజనులకు నేర్పిస్తోంది. బెల్లానికి గిరాకీ వస్తే ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులొస్తాయి. చెట్టు విలువ పెరుగుతుంది. విలువున్న చెట్టును ఎవరూ ఊరికే పోనివ్వరు.

అయితే అన్నింటికన్నా తేలికైన ఉపాయం పైసా ఖర్చులేనిది. ఒక్క గెల వదిలేయడం! పైనుంచి కిందికి వచ్చే గెలల్లో ఏదో ఒకదాన్ని గీయకుండా పండనిస్తే వేలకొద్దీ కాయలు కాస్తాయి. సగం మానుపిల్లికి పోయినా, మిగతా సగంతో గూడెం చుట్టూ తోపే పెంచొచ్చు. అమెరికా ఇంటాయన రెండు వారాలకోసారి గొట్టం కడగడం ఎలాంటిదో, జీలుగు ఉన్నవాళ్లు తరానికోసారి గెల వదలడం అలాంటిది. నిర్వహణ అంటే అదే.

తెలుసుకోండి!

* జీలుగు పండ్లు కోసేటప్పుడు, గుజ్జు తీసేటప్పుడు చేతులకు తొడుగులు తప్పనిసరి. కళ్లు నలపకూడదు. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.
* గింజలను గుజ్జు పోయేలా కడిగి నీడపట్టున, తేమ ఆరని మట్టిలో నాటాలి. మొలకకు నెలలు పడుతుంది కాబట్టి తొందరపడి తవ్వి చూడొద్దు.
* ఇంటి గోడకు ఆనుకుని నాటొద్దు. పూత అయిపోయాక చెట్టు చచ్చి కూలుతుంది.
* కల్లు గీయడానికి, అమ్మడానికి ఎక్సైజ్ నిబంధనలున్నాయి. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం మన దగ్గర నేరం. అమెరికాలో కూడా ఇళ్లలో బీరు కాచుకోవడానికి 1978లో చట్టం మారాకే అనుమతి దొరికింది.
* కార్బన్ డయాక్సైడ్ సిలిండరును గాలి ఆడని గదిలో పెట్టకూడదు. గ్యాసు కారితే వాసన రాదు, ఊపిరి మాత్రం ఆడదు.
* చెట్టు కిందిదైనా, కుళాయిలోదైనా మత్తు మత్తే. గర్భిణులు, పిల్లలు, మందులు వాడేవారు దాని జోలికి పోవద్దు. తాగి చెట్టెక్కడం, బండెక్కడం రెండూ ఒకటే.

*

అమెరికాలో పీపా ఖాళీ అయితే దుకాణానికి వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటారు. కొండమీద పీపా ఖాళీ అయితే ఇంకోటి దొరకాలంటే పదిహేనేళ్ల కిందట ఎవరో ఒక గింజ నాటి ఉండాలి. లేదా ఓ మానుపిల్లికి కడుపునిండా పండ్లు దొరికి ఉండాలి.

ఈసారి పాతపట్నం వైపు వెళ్తే ఆ కొండల్లో చేపతోక ఆకుల చెట్ల కోసం చూడండి. కుండలు కట్టిన గెలలను అందరూ చూస్తారు. ఎర్రటి పండ్లతో వేలాడే గెల ఒక్కటైనా కనిపిస్తుందేమో వెతకండి. కనిపించిందా... ఆ ఇంటి మనవలకు లోటు లేదన్నట్టే!